ఇంత పెద్ద హాలులో కూర్చునే జాగా ఏది?

దేవరకొండలో మా మేనత్త ఇంటి నడిమి హాలు తూర్పు పడమరలుగా 24 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 26 అడుగులు ఉంటుంది. లెక్క కడితే 624 చదరపు అడుగులు. హైదరాబాదులో ఒక చిన్న కుటుంబం సర్దుకొని బతికే ఫ్లాటంత జాగా అది. అయినా ఆ ఇంటికి నలుగురు చుట్టాలు వస్తే ఇద్దరు సోఫాలో, ఒకరు మెట్ల మీద, మరొకరు వంటింటి గడప పక్కన స్టూలు మీద కూర్చోవలసి వచ్చేది. మాట్లాడుతున్నంతసేపూ వాళ్ల మధ్య నుంచి ఎవరో ఒకరు బకెట్టుతోనో, బట్టల మూటతోనో నడుస్తూనే ఉండేవారు. "ఇంత పెద్ద ఇంట్ల కుదురుగ కూసుందామంటే జాగ లేదు బిడ్డా" అని అత్తమ్మ నాతో ఒకటికి రెండుసార్లు అన్నది. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో పాత ఇళ్ల మరమ్మతు పనులు చూస్తూ వస్తున్న నాకు ఈ మాట కొత్త కాదు. నడిమి వాకిలి కప్పేసి హాలు చేసుకున్న ఇళ్లలో చాలాచోట్ల ఇదే బాధ వింటాను. ఆ బాధకు కారణం ఏమిటో, గోడలు కూల్చకుండా, కొత్త గోడలు లేపకుండా దాన్ని ఎంతవరకు సరిచేయవచ్చో ఆ ఒక్క ఇంటినే ముందు పెట్టుకొని వివరించే ప్రయత్నం ఇది.

ముందు ఈ హాలు ఎట్లా పుట్టిందో చూడాలి. మన వైపు కాస్త కలిగినవాళ్ల పాత ఇల్లంటే భవంతి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ నాలుగు వైపులా వసారా, వసారా వెంట అర్రలు, అంటే గదులు, ఉంటాయి. అర్రల మీద మట్టి మిద్దె ఉంటుంది, లేదా గూన పెంకులు ఉంటాయి. వసారా మీద మాత్రం వాకిట్లోకి వాలే పెంకుల వాలు ఉంటుంది. వాన నీళ్లన్నీ ఆ వాలు మీదుగా వాకిట్లో పడి, అడుగున ఉన్న రాతి తూములోంచి బయటికి పోయేవి. మా అత్తమ్మ ఇంట్లో నడిమి వాకిలి 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. దాని చుట్టూ వసారా ఆరేసి అడుగులు. 1992లో పెద్దలు పెంకులు, టేకు స్తంభాలు తీసేసి, వాకిలి నాలుగు మూలల్లో నాలుగు కాంక్రీటు పిల్లర్లు నిలబెట్టి, వాకిలిని వసారాలను కలిపి ఒకటే స్లాబు వేయించారు. అప్పటికి వాళ్లు చేసిన పనిలో తప్పు వెతకడం న్యాయం కాదు. వానొస్తే ఒక అర్రలోంచి ఇంకో అర్రలోకి పోవడానికి తడవాల్సి వచ్చేది. కోతులు నేరుగా ఇంటి నడుమకు దిగేవి. వసారా పెంకులు ఏటా సదిరించాలి, సదిరించే మనిషి దొరకడు. పైగా పిల్లల పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయి, ఇంట్లో ఒక 'హాలు' కావాలి. ఆ కోరికలన్నీ నిజమైనవే. పోగొట్టుకున్నది ఏమిటో మాత్రం తర్వాత గాని తెలియలేదు.

పోయినవాటిలో అందరికీ కనిపించేది వెలుతురు. కనిపించనిది ఒక మెట్టు. పాత వాకిలి వసారా కన్నా అరడుగు కిందికి ఉండేది. ఎండకు కాలే బండలు, వానకు తడిసే బండలు కాబట్టి మనుషులు వాకిట్లోకి దిగకుండా వసారా వెంబడే చుట్టూ తిరిగి పోయేవారు. ఎవరూ చెప్పనక్కరలేకుండానే చుట్టూ ఉన్నది నడిచే తోవ అయింది, నడుమ ఉన్నది పని చేసుకునే, కూర్చునే, పడుకునే జాగా అయింది. ఎండ దిగాక నడుమ మంచాలు పడేవి. ఎవరు ఏ అర్రలోకి పోయినా ఆ మంచాలను తాకవలసిన పని ఉండేది కాదు. స్లాబు వేసినప్పుడు ఆ అరడుగు గుంటలో మట్టి నింపి అంతా ఒకే మట్టానికి తెచ్చి బండలు పరిచారు. మట్టం ఒకటైన రోజు నుంచీ కాళ్లు దగ్గరి దారి వెతుక్కున్నాయి, ఆ దగ్గరి దారులన్నీ మూల నుంచి మూలకు, నడిమధ్య గుండా పోయాయి. అంటే హాలు అనే పేరుతో ఆ ఇంటికి వచ్చింది ఒక చౌరస్తా. చౌరస్తాలో కుర్చీ వేస్తే ఎవరికైనా కుదురు ఎట్లా ఉంటుంది?

ఇది నా ఊహ కాదని ఇంట్లోవాళ్లకు చూపించడానికి ఒక చిన్న పని చేశాను. ఒక ఆదివారం పొద్దున హాలు ఊడ్చిన తర్వాత బండల మీద పలచగా ముగ్గుపిండి చల్లించి, తుడవవద్దని, ఎప్పటిలాగే తిరగమని చెప్పాను. పదకొండు గంటలయ్యేసరికి నేల మీద బొమ్మ తేలింది. ఈశాన్యం వైపున్న ముందు దర్వాజ నుంచి దక్షిణపు గోడ నడుమ ఉన్న పెరటి దర్వాజ దాకా ఏటవాలుగా ఒక తోవ, నైరుతి అర్ర నుంచి ఆగ్నేయంలోని వంటింటికి ఇంకో తోవ, వాయవ్యపు అర్రలోని పిల్లలు స్నానానికి పెరట్లోకి పరుగెత్తిన మూడో తోవ కనిపించాయి. మూడూ పాత వాకిలి గడ్డ మీదనే ఒకదాన్నొకటి కోసుకున్నాయి. సోఫాలు వాటి అంచున ఉన్నాయి. పిండి చెరగకుండా మిగిలిన జాగాలు గోడల మూలలు, మంచినీళ్ల బిందెల అరుగు ముందు కొద్ది మేర, అంతే. అత్తమ్మ చాలాసేపు ఆ నేలను చూసి, "మేం ఈడ పడుకునేటోళ్లం" అన్నది, సరిగ్గా మూడు తోవలు కలిసిన చోటును చూపించి.

దారుల తర్వాత కొలవవలసింది గోడలను. ఇల్లు మార్చుకునేవాళ్లు సాధారణంగా నేల కొలతలే రాసుకుంటారు. కాని ఇటువంటి హాలులో కరువయ్యేది నేల కాదు, దర్వాజ గాని కిటికీ గాని అడ్డురాని గోడ. మనం సోఫా అయినా, దివాను అయినా, టీవీ అయినా, బీరువా అయినా గోడకు ఆనించే పెట్టుకుంటాం. అత్తమ్మ హాలులోకి ఎనిమిది దారులు తెరుచుకుంటాయి: ముందు దర్వాజ, పెరటి దర్వాజ, పడమటి వైపు రెండు పడక అర్రలు, తూర్పు వైపు దేవుని అర్ర, వడ్లు నిల్వచేసే గుమ్మి అర్ర, వంటిల్లు, దక్షిణపు గోడను ఆనుకొని మిద్దెమీదికి పోయే మెట్లు. తూర్పు గోడలో మూడు దర్వాజల మధ్య మిగిలిన ముక్కల్లో పెద్దది అయిదడుగులు దాటదు. ఉత్తరపు గోడకు రెండు కిటికీలు ఉన్నాయి. దక్షిణపు గోడను మెట్లు, చేతులు కడిగే బేసిను పంచుకున్నాయి. ఒక్క పడమటి గోడకు మాత్రం రెండు దర్వాజలూ చివరన ఉండడం వల్ల నడుమ ఏకంగా 16 అడుగుల ఖాళీ గోడ ఉంది. ఇంట్లో అంతకన్నా విలువైన జాగా లేదు. అక్కడ ఉన్నవి మూడు బీరువాలు, ఫ్రిజ్జు, బియ్యం బస్తాలు. వస్తువులకు మంచి గోడ దొరికింది, మనుషులు కిటికీల కింద దారికి ఎదురుగా సర్దుకున్నారు.

ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోనిది, ఫ్యాను కొక్కెం. స్లాబు పోసేటప్పుడే కొక్కేలు వేస్తారు కాబట్టి, ఆ రోజు సెంట్రింగు మీద నిలబడ్డ మేస్త్రీ ఎక్కడ వంచి పెట్టాడో మన కూర్చోవడం కూడా అక్కడే ఖాయమైపోతుంది. ఈ ఇంట్లో అంత హాలుకు నడిమధ్య ఒకటే కొక్కెం ఉంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసే నల్లగొండ జిల్లాలో ఫ్యాను కింద తప్ప ఇంకెక్కడా మనిషి కూర్చోడు. అందుకే కుర్చీలన్నీ చౌరస్తా నడుమకే జరిగేవి. ఎన్ని విధాల సోఫా మార్చి వేసినా నెల తిరగకుండా మళ్లీ అక్కడికే చేరేది.

ఇంత చూశాక, మేం వచ్చిన నిర్ణయం ఇది: పాత ఇల్లు చేసిన విభజననే మళ్లీ తేవాలి, అంచున తోవ, నడుమ జాగా. కాని ఆ అరడుగు మెట్టును మాత్రం తిరిగి తేకూడదు. డెబ్బై దాటిన మనిషి రాత్రిపూట లేచి నడిచే ఇంట్లో మెట్టు పెట్టడమంటే తుంటి ఎముకకు ప్రమాదం తెచ్చుకోవడమే. కాళ్లను మళ్లించే పని మెట్టు కాకుండా ఇంకేదైనా చేయాలి.

చాలామందికి మొదట తోచేది గోడ. హాలును నాలుగున్నర అంగుళాల ఇటుక గోడతో రెండుగా కోద్దామని మా బావ కూడా అన్నాడు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి బరువు. నాలుగున్నర అంగుళాల మందంతో పదడుగుల ఎత్తు లేపే ఇటుక గోడ, గిలాబు (పైపూత) కలపకుండానే, ప్రతి అడుగు పొడవుకూ సుమారు 200 కిలోలు తూగుతుంది. ఆ గోడ వచ్చేది 1992లో మట్టి నింపిన గుంట మీద. నింపిన మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మెస కొట్టారో లేదో ఎవరికీ గుర్తు లేదు. పునాది లేకుండా అటువంటి నేల మీద గోడ లేపితే బండలతో సహా కుంగి, రెండు మూడు వానకాలాలు గడిచేసరికి మూలల్లో నెర్రెలు బాస్తుంది. అదే మందంలో తేలిక కాంక్రీటు దిమ్మెలు వాడితే బరువు మూడో వంతుకు తగ్గుతుంది కాని రెండో చిక్కు అట్లాగే ఉంటుంది. అది గాలి, వెలుతురు. అసలే చీకటిగా ఉన్న హాలులో నిలువు గోడ వేస్తే ఒక హాలు రెండు చీకటి అర్రలవుతుంది. ఇంట్లో శుభకార్యం జరిగినా, పెద్దల తద్దినం వచ్చినా, సద్దుల బతుకమ్మ నాడు పది ఇళ్ల ఆడవాళ్లు కూర్చొని పూలు పేర్చినా కావలసింది ఆ పెద్ద జాగానే. ఆ జాగాను శాశ్వతంగా ముక్కలు చేయడానికి అత్తమ్మ ఒప్పుకోలేదు, నేను కూడా ఆమె పక్షమే.

గోడకు బదులు మేం కట్టింది అరుగు. తూర్పు వైపున్న రెండు పిల్లర్ల మధ్య 14 అడుగులు ఉంటుంది. అందులో నాలుగడుగులు నడుమలోకి రావడానికి వదిలి, మిగతా పదడుగుల మేర 16 అంగుళాల ఎత్తున, అడుగున్నర వెడల్పున పొట్టి ఇటుక కాళ్ల మీద షాబాదు బండ పరిచి అరుగు చేశాం. ఇంటి ముందు అరుగు ఎట్లా ఉంటుందో అట్లాగే, కాకపోతే ఇది ఇంటి లోపల ఉంది. దాటిపోవడానికి వీలు లేనంత ఎత్తు, చూపుకూ గాలికీ అడ్డురానంత పొట్టి. మనిషికి రెండడుగుల చొప్పున అయిదుగురు దాని మీద కూర్చుంటారు. బరువు తక్కువ కాబట్టి నింపిన నేల దాన్ని మోస్తుంది. ముందు దర్వాజ తెరవగానే బయటివాళ్లకు ఇల్లంతా కనబడుతుందన్న కోడలి అభ్యంతరం న్యాయమైనదే గనుక, అరుగు ఉత్తరపు చివర అయిదడుగుల మేర మాత్రం పాత టేకు స్తంభాల చెక్కతో ఒక జాలీ తెర నిలబెట్టాం. కొట్టంలో ముప్పై ఏళ్లుగా పడి ఉన్న ఆ స్తంభాలను కోసినప్పుడు లోపల చెక్క పచ్చి పసుపు కొమ్ములా మెరిసింది; వాసన కూడా పోలేదు.

అరుగు ఒక్కటే ఉంటే జనం దాన్ని చుట్టి మళ్లీ ఏటవాలుగానే పోతారు, ఎందుకంటే పెరటి దర్వాజ దక్షిణపు గోడ నడుమనే ఉంది. దర్వాజలు ఎక్కడ ఉంటే తోవలు అక్కడికే పోతాయి. ముందు దర్వాజ ఎట్లాగూ ఉత్తరపు గోడలో తూర్పు చివరన, పాత వసారా మేరలోనే ఉంది. పెరటి దర్వాజను కూడా దానికి ఎదురుగా తూర్పు చివరకు జరిపితే, ఉత్తరం నుంచి దక్షిణానికి ఆరడుగుల వెడల్పు తోవ ఒకటి తిన్నగా ఏర్పడుతుంది. దేవుని అర్ర, గుమ్మి అర్ర, వంటిల్లు మూడూ ఆ తోవలోకే తెరుచుకుంటాయి. ఎనిమిది దారుల్లో అయిదు ఒకే వరుసలోకి వస్తాయి. వాస్తు చూసే పెద్దాయనను కూడా కుటుంబం పిలిపించింది. దక్షిణ ఆగ్నేయంలో ద్వారం మంచిదేనని, నడుమ బ్రహ్మస్థానంలో బరువు పెట్టవద్దని ఆయన చెప్పారు. ఈ రెండింట్లో ఏదీ మా లెక్కకు అడ్డం రాలేదు.

దర్వాజ జరపడమంటే గోడ కోయడం. పాత ఇళ్లలో అన్నిటికన్నా జాగ్రత్త పడవలసిన చోటు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన మట్టి మిద్దె ఎంత బరువుంటుందో దాని కింద పడుకునేవాళ్లకు తెలియదు. దూలాలు, దంతెలు, వాటి మీద చెక్కలు పరిచి అడుగు మందాన మట్టి పోస్తే, ఆ మట్టి ఒక్కటే చదరపు మీటరుకు 500 కిలోల దాకా ఉంటుంది. నాలుగంగుళాల కాంక్రీటు స్లాబు అదే చదరపు మీటరుకు దాదాపు 250 కిలోలు. అంటే మట్టి మిద్దె స్లాబుకు రెండింతల బరువు, వానకు నానితే ఇంకా ఎక్కువ. ఆ బరువంతా దూలాల కొనల దగ్గర గోడల మీదికి దిగుతుంది. ఆ గోడలు అడుగున్నర మందం ఉన్నంత మాత్రాన బలమైనవని అనుకోవద్దు. లోపల రాళ్లను పట్టి ఉంచినది మట్టి అడుసే, సిమెంటు కాదు. వానకాలంలో మట్టి మిద్దెలు కూలి నిద్రలోనే ప్రాణాలు పోయిన వార్తలు మన జిల్లాల నుంచి వింటూనే ఉన్నాం. అందుకే ఏ గోడ మీద చెయ్యి వేసే ముందైనా అర్రలోకి పోయి, తల పైకెత్తి, దూలాల కొనలు ఏ గోడలో దిగి ఉన్నాయో చూడాలి. అత్తమ్మ ఇంట్లో తూర్పు, పడమటి గోడలు ఒక వైపు మిద్దె దూలాలనూ, ఇంకో వైపు హాలు స్లాబు అంచునూ రెంటినీ మోస్తున్నాయి. వాటిని ముట్టుకోలేదు. దక్షిణపు గోడ మోసేది స్లాబు అంచును మాత్రమే. దర్వాజ జరపడానికి దాన్నే ఎంచుకోవడంలో తోవ లెక్క ఎంత ఉందో ఈ బరువు లెక్క కూడా అంతే ఉంది.

ఆ గోడనైనా ఒక్కసారిగా తొలచలేదు. ముందు స్లాబు కింద, గోడకు లోపల బయట, జాకీలు బిగించాం. తర్వాత గోడ మందంలో బయటి సగం వరకే, కొత్త దర్వాజ పైభాగాన, పొడుగ్గా గాడి తీసి, ముందుగానే పోసి ఆరబెట్టుకున్న కాంక్రీటు పట్టీని అందులో కూర్చాం. రెండు చివరలా తొమ్మిదేసి అంగుళాలు గోడ మీద ఆనేట్టు చూసుకున్నాం. పైనున్న సందులో గట్టి మాలు కూరి అది బిగుసుకున్న తర్వాతనే లోపలి సగానికి గాడి తీసి రెండో పట్టీ పెట్టాం. రెండూ కుదురుకున్నాక గాని కింది రాళ్లు తీయలేదు. సుతారి (గోడ పని మేస్త్రీ) రోజుకు అడుగో, రెండడుగులో చేస్తుంటే ఇంట్లోవాళ్లకు విసుగు పుట్టిన మాట నిజమే. కాని కొన్నేళ్ల కిందట ఇంకో ఊళ్లో, ఒక్క పూటలో దర్వాజ తీసి ఇస్తానన్న మనిషిని నమ్మి నేనూ ఊరుకున్నందుకు, సాయంత్రానికి పై గోడలోంచి మెట్లు మెట్లుగా రాళ్లు జారాయి. ఆ రాత్రి ఆ ఇంటివాళ్లు బయట పడుకున్నారు. అప్పటి నుంచి ఈ పనిలో తొందరకు ఒప్పుకోను. వానలు మొదలయ్యాక అసలే ఒప్పుకోను.

కొత్త గడప కోసం తవ్వినప్పుడు రెండడుగుల లోతున పాత రాతి తూము బయటపడింది. మూడు దశాబ్దాలు దాటినా దానిలో నల్లటి బురద తడిగానే ఉంది. హాలు గోడలకు మోకాలెత్తున చౌడు పట్టి, రంగు పొట్టు పొట్టుగా రాలడానికి కారణం మాకు అప్పుడు అర్థమైంది. బేసిను గొట్టం ఎక్కడో పగిలి, ఆ నీళ్లు మూసేసిన తూములోకి చేరుతున్నాయి. పోయే దారి లేక గోడల పాదాల్లోకి ఇంకుతున్నాయి. దానికి తోడు మధ్యలో ఎవరో గోడలకు సిమెంటు గిలాబు చేయించారు. మట్టి గోడ పీల్చుకున్న తేమ బయటికి ఆరిపోవాలి. సిమెంటు పొర ఆ దారి మూస్తే తేమ ఇంకా పైకి పాకి, పొరనే నెట్టేస్తుంది. గొట్టం మార్చి, తూము బయటి నోరు తెరిపించి, మోకాలెత్తు దాకా సిమెంటు చెక్కించి సున్నం గిలాబు చేయించాం. రంగుల మీద డబ్బు పెట్టే ముందు ఈ పని చేయని ఇళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఎంత ఖరీదైన రంగైనా చౌడు మీద ఏడాది నిలవదు.

ఇక వెలుతురు. మన దేశపు జాతీయ భవన నియమావళి ప్రకారం పొడి వేడి ప్రాంతాల్లో ఒక గదికి దర్వాజలు కాకుండా కిటికీలు, వెంటిలేటర్లు కలిపి నేల విస్తీర్ణంలో కనీసం పదో వంతు ఉండాలి. 624 చదరపు అడుగులకు అది సుమారు 62 చదరపు అడుగులు. హాలుకు ఉన్నవి ఉత్తరపు రెండు కిటికీలు, ఒక్కొక్కటి మూడడుగులకు నాలుగడుగులు, మొత్తం 24. పడమటి అర్రల అవతల దాయాదుల ఇల్లు, తూర్పు అర్రల అవతల సందు. హాలు నడుమకు నేరుగా ఆకాశం కనబడే దారి పై నుంచి తప్ప లేదు. మిట్టమధ్యాహ్నం కూడా పేపరు చదవాలంటే లైటు వేయవలసి రావడానికి కారణం ఇదే.

పైన అద్దం పెడితే సరిపోదా అని అందరూ అడుగుతారు. ఇప్పుడు చాలా ఇళ్లలో స్లాబుకు రంధ్రం చేసి పైన పారదర్శకమైన రేకు బిగిస్తున్నారు. మన ప్రాంతంలో ఇది మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. దేవరకొండ, నల్లగొండ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. మే నెల మొదటి పక్షంలో, అంటే ఎండలు ముదిరి ఉన్న రోజుల్లోనే, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పైకప్పు అద్దంలోంచి ఆ ఎండ మొత్తం నేల మీద పడుతుంది. పాత వాకిలి అంత ఎండనూ తట్టుకున్నది ఎందుకంటే వేడెక్కిన గాలి అట్లాగే పైకి పోయేది. మూత పెట్టిన వాకిట్లో ఆ వేడి ఎటూ పోదు. కాబట్టి వెలుతురు పైనుంచి కాక పక్కల నుంచి రావాలి, వేడి గాలి పోవడానికి నోరు ఉండాలి.

అత్తమ్మ ఇంట్లో నాలుగు పిల్లర్ల నడిమి స్లాబులో, మధ్యన, నాలుగడుగులకు ఆరడుగుల మేర తెరిచి, దాని మీద చిన్న గోపురంలా ఒక కప్పు లేపాం. కప్పు గట్టిదే, ఎండ దిగదు. పక్కలు నాలుగు వైపులా అడుగున్నర ఎత్తున సగం అద్దం, సగం వాలు పలకల జాలీ. కప్పు అంచులు చుట్టూ అడుగున్నర ముందుకు వాలాయి. చుట్టుకొలత 20 అడుగులు కాబట్టి అక్కడ 30 చదరపు అడుగులు దొరికాయి. కొత్త పెరటి దర్వాజ పైన నాలుగడుగులకు రెండడుగుల వెంటిలేటరు పెట్టించాం, అది 8. కిటికీలతో కలిపి 62 అయింది. స్లాబు తెరవడం మాత్రం సొంత తెలివితో చేసే పని కాదు. ఇంజినీరు వచ్చి ఎక్కడెక్కడ సలాకలున్నాయో గుర్తించి, కాంక్రీటు ఇంకా గట్టిగా ఉందో లేదో పరీక్షించి, తెరిచిన అంచు చుట్టూ ఇనుప చట్రం వేసి దాన్ని పిల్లర్ల మీది దూలాలకు కలపమని గీసి ఇచ్చిన తర్వాతనే కట్టర్ పెట్టాం. స్లాబు అడుగున తుప్పు మరకలు, పెచ్చులు ఊడిన చోట్లు ఉంటే ఈ ఆలోచనే వద్దు. హాలు స్లాబు చుట్టూ ఉన్న మిద్దెల కన్నా రెండడుగులు ఎత్తున ఉన్న ఇళ్లవాళ్లు అదృష్టవంతులు. వాళ్లు స్లాబును ముట్టుకోకుండా, ఆ ఎత్తు తేడాలోనే వెంటిలేటర్లు తెరుచుకోవచ్చు. పెంకుల వాలు ఇంకా ఉన్న భవంతుల్లోనైతే అసలు స్లాబు జోలికే పోవద్దు. వాకిలి నోటికి మాత్రం ఎత్తుగా, చుట్టూ గాలి ఆడేట్టు కప్పు వేసి, పెంకుల నీళ్లకు చుట్టూ కాలువ రేకు పెట్టి, కోతులకు జాలీ కొట్టిస్తే చాలు.

వంటింటిని హాలులోకి తెరిచే ఫ్యాషను గురించి బావ కూతురు అడిగింది. నేను వద్దన్నాను. ఎండుమిరపకాయల పోపు ఘాటు మూత పెట్టిన వాకిట్లోకి వస్తే పడక అర్రల దాకా పోతుంది. దాని బదులు వంటింటి గోడలో మూడడుగుల వెడల్పు చిన్న కిటికీ పెట్టుకుందామన్నా, అది మిద్దె మోసే గోడ కాబట్టి అదీ మానుకున్నాం. సందు వైపు గోడకు పొగ లాగే ఫ్యాను బిగించి, వంటింటి దర్వాజకు ఎదురుగా అరుగు అవతల భోజనం బల్ల వేశాం.

బీరువాలు మూడూ గుమ్మి అర్రలోకి పోయాయి. ఇప్పుడు వడ్లు కల్లం నుంచే అమ్ముడుపోతున్నాయి కాబట్టి ఆ అర్రలో రెండు పాత గుమ్ములు, వాటిలో చింతపండు, పాత బట్టలు తప్ప ఏమీ లేవు. 16 అడుగుల పడమటి గోడ మనుషులకు దక్కింది. సోఫా దానికి ఆనించి తూర్పు ముఖంగా వేసి, స్లాబుకు కొత్త కొక్కేలు గుచ్చకుండా పిల్లర్ల మీది దూలాలకు ఇనుప గొట్టం బిగించి దానికి రెండు ఫ్యాన్లు వేలాడదీశాం, ఒకటి సోఫాల మీద, ఒకటి భోజనం బల్ల మీద. పాత నడిమి కొక్కెం ఉన్న చోటు ఇప్పుడు గోపురంలో కలిసిపోయింది. మెట్ల పక్కన మిగిలిన మూడడుగుల మేర నైరుతి అర్రవాళ్లు పెరట్లోకి పోయే తోవగా ఉండిపోయింది. అంతకన్నా ఇరుకైతే బకెట్టుతో మనిషి నడవలేడు కాబట్టి అక్కడ చెప్పుల స్టాండు కూడా పెట్టనివ్వలేదు.

పని అయిన నెలకు మళ్లీ దేవరకొండ పోయినప్పుడు అత్తమ్మే ముగ్గుపిండి డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. పలచగా చల్లి, పొద్దెక్కేదాకా కూర్చున్నాం. తూర్పు పిల్లర్ల అవతలి తోవ అడుగుల మీద అడుగులు పడి బూడిద రంగుకు తిరిగింది. మెట్ల పక్క మూడడుగులు కూడా అంతే. వాయవ్యపు అర్ర పిల్లలు మాత్రం ఒకటి రెండుసార్లు నడిమధ్య నుంచే పరుగెత్తారు. గోపురం కింద మిగిలిన పిండి మీద అత్తమ్మ మంచం నాలుగు కోళ్ల గుర్తులు, మంచం పక్కకు వచ్చి ఆగిన రెండు చిన్న పాదాల గుర్తులు ఉన్నాయి.